పాలమూరు నుంచి సాగర్ దాకా: వేసవి వానల తర్వాతి సాయంత్రాలు

మే నెల రెండో వారంలో పాలమూరు పల్లెల మీదుగా యాత్ర పెట్టుకుంటున్నామంటే వద్దని వారించేవారే ఎక్కువ. ఈ రోజుల్లో ఇక్కడ పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. పదకొండు దాటితే వడగాలి మొదలవుతుంది. రాత్రి భోజనాలయ్యాక కూడా డాబా గచ్చు మీద కాలు మోపలేము. అయితే ఈసారి విదర్భ నుంచి తెలంగాణ, రాయలసీమల మీదుగా తమిళనాడు దాకా ఒక ద్రోణి ఏర్పడి, దాని వెంట తేమగాలులు లోపలికి వచ్చి, పగలంతా కాగిన నేల మీద సాయంత్రానికి ఉరుములతో కూడిన వానలు కురిపించడంతో వాతావరణం ఒక్కసారిగా మారిపోయింది. శుక్రవారం రాత్రి మహబూబ్‌నగర్‌లో గంటకు పైగా గాలివాన పడింది. మరునాడు రెండో శనివారం, ఆ తర్వాత ఆదివారం, సోమవారం బుద్ధ పూర్ణిమ. ఆ రోజుకు ఐచ్ఛిక సెలవు పెట్టి, నా భార్యను, పదో తరగతిలోకి రాబోతున్న అమ్మాయిని, మా నాన్నగారిని వెంటబెట్టుకుని, పగళ్లు గుళ్లలోను సాయంత్రాలు నీటి ఒడ్డున గడిపేలా కృష్ణ వెంట ప్రయాణం నిర్ణయించుకున్నాను. వేసవి వాన వెలిసిన మరునాటి సాయంత్రానికి సాటి వచ్చే ఆకాశం ఏడాదిలో మరెప్పుడూ ఉండదని నాకు చాలాకాలంగా గట్టి నమ్మకం. దానిని మా వాళ్లకు చూపించాలన్నదే ఈ యాత్ర ఉద్దేశం.

శనివారం: అలంపురం

ఉదయం ఏడింటికి బయలుదేరి, భూత్పూర్ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి దక్షిణానికి సాగాము. రాత్రి వానకు దుమ్మంతా అణిగిపోయి, సాధారణంగా ఈ కాలంలో బూడిద రంగు తెర వెనుక మసకగా కనిపించే గుట్టలు ఆ ఉదయం బండరాళ్లతో సహా స్పష్టంగా కనిపించాయి. కొత్తకోట దాటాక రోడ్డు పక్కన ముంజలు కొని, చెట్టు కిందే నిలబడి తిన్నాము. మే నెల ఉదయం తొమ్మిదింటికి చెట్టు నీడలో నిలబడితే చల్లగాలి తగలడం మా ప్రాంతంవారికి ఎంత అరుదైన సుఖమో చెప్పనక్కర్లేదు. బీచుపల్లి వద్ద ఆంజనేయస్వామిని దర్శించుకుని వంతెన దాటుతుండగా చూస్తే, కృష్ణ బండల మధ్య పాయలుగా చీలి సన్నగా పారుతోంది. గద్వాల కోటను మరోసారికి వదిలిపెట్టి, మధ్యాహ్నానికి అలంపురం చేరుకున్నాము.

తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాలలో నిర్మించిన నవబ్రహ్మ ఆలయాలు, అష్టాదశ శక్తిపీఠాలలో ఒకటైన జోగులాంబ ఆలయం ఒకేచోట ఉండటం అలంపురం విశిష్టత. బ్రహ్మ పేరుతో పిలిచినా అవన్నీ శివాలయాలే. వాటిలో వినయాదిత్యుని కాలానికి చెందిన స్వర్గబ్రహ్మ ఆలయం శిల్పానికి ప్రసిద్ధి. గుళ్లు తూర్పు ముఖంగా ఉండటం వల్ల పొద్దు వాలే వేళకు ఎండ వెనుక గోడల మీద ఏటవాలుగా పడుతుంది. మిట్టమధ్యాహ్నపు వెలుతురులో చదునుగా కనిపించిన దేవతామూర్తుల నగలు, వేళ్లు, వస్త్రపు మడతలు సాయంత్రం అయిదు దాటాక ఒక్కొక్కటే నీడ దేలి ప్రాణం పోసుకుంటాయి. దర్శనాలు ముగించుకున్నవారిలో చాలామంది ముందు నుంచే వెనుదిరిగారు. మేము మాత్రం గంటసేపు వెనుక గోడల చుట్టే తిరిగాము. యాత్రికులు అలంపురానికి ఉదయమే వచ్చి పోవడం నాకు నచ్చదు. ఈ గుళ్లను సాయంత్రం చూడాలి.

ఆరుంబావుకల్లా నది ఒడ్డుకు చేరాము. మేలో సూర్యుడు సరిగ్గా పడమట అస్తమించడు. ఈ వారంలో, మన అక్షాంశం నుంచి చూస్తే, నడిపడమటికి దాదాపు ఇరవై డిగ్రీలు ఉత్తరంగా జరిగి కుంకుతాడు. అందుచేత నీళ్ల మీద సూర్యాస్తమయం దొరకలేదు. ఊరి వైపు చెట్ల వెనుకకు దిగుతుండగా చూశాము. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. చివరి క్షణం దాకా బింబం అంచు చెదరలేదు, వెలుగు తగ్గలేదు. కింది భాగం కాస్త అణిగినట్టు అయి, గుండ్రటి బింబం కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. బింబపు అడుగు అంచు నుంచి వచ్చే వెలుతురు పై అంచు వెలుతురు కంటే ఎక్కువగా వంగడమే దానికి కారణం. అంచు నేలను తాకినప్పటి నుంచి పూర్తిగా మునిగేదాకా పట్టింది రెండున్నర నిమిషాలలోపే.

మా అమ్మాయి అడిగింది: "నాన్నా, మన ఊళ్లో పోయిన వారం పొద్దు గూకుతుంటే తెల్లగ, మబ్బుగ ఉండె గదా. ఇక్కడ ఇంత రంగెందుకు?" మంచి ప్రశ్న అది. గాలిలోని అణువులు సూర్యకాంతిలోని నీలాన్ని ఎరుపు కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా చెదరగొడతాయని 1871లో రేలీ అనే ఆంగ్ల శాస్త్రవేత్త లెక్కగట్టి చూపాడు. తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ చెదరడం దాని నాలుగో ఘాతం చొప్పున పెరుగుతుంది. అందువల్ల 450 నానోమీటర్ల నీలం 650 నానోమీటర్ల ఎరుపు కంటే నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. నడినెత్తిన ఉన్నప్పటితో పోలిస్తే దిగంతం దగ్గర సూర్యకాంతి దాదాపు 38 రెట్లు ఎక్కువ గాలిని దాటి రావాలి కాబట్టి, నీలం, ఆకుపచ్చ దారిలోనే రాలిపోయి పసుపు, నారింజ, ఎరుపు మిగులుతాయి. అయితే ఇదంతా గాలి శుభ్రంగా ఉన్నప్పటి మాట. దుమ్ము రేణువులు అణువుల కంటే చాలా పెద్దవి. అవి అన్ని రంగులనూ ఇంచుమించు సమానంగా చెదరగొట్టి ఆకాశాన్ని పాలిపోయేలా చేస్తాయి. రాత్రి పడిన వాన ఆ రేణువులను నేలకు దించింది. దుమ్ము ఉంటేనే సూర్యాస్తమయం రంగులు తేలుతుందని చాలామంది అనుకుంటారు గాని, మన వేసవి దుమ్ముకు ఆ శక్తి లేదు. అగ్నిపర్వతాలు ఆకాశపు పైపొరల్లోకి చిమ్మే అతిసూక్ష్మ కణాల సంగతి వేరు: 1883లో క్రాకటోవా, 1991లో పినటుబో పేలిన తర్వాత నెలల తరబడి ప్రపంచమంతటా సాయంత్రాలు ఎర్రబారాయి.

సూర్యుడు మునగగానే ఒడ్డున ఉన్నవారంతా లేచిపోయారు. నేను మా వాళ్లను ఆపి తూర్పుకు తిప్పాను. దిగంతాన్ని ఆనుకుని నీలిబూడిద రంగు పట్టీ ఒకటి, దాని పైన గులాబీ రంగు పట్టీ మరొకటి పైకి లేస్తున్నాయి. ఆ నీలిబూడిద పట్టీ భూమి నీడ. మనం నిలబడ్డ ఈ నేల తన నీడను తూర్పు ఆకాశపు గాలి మీద వేస్తుంది. గులాబీ పట్టీ ఆ నీడ ఇంకా చేరని ఎత్తులో ఎర్రని వెలుతురును తిప్పికొట్టే గాలి. పౌర్ణమికి రెండు రోజుల ముందరి చంద్రుడు ఆ రెంటికీ పైన అప్పటికే తెల్లగా ఎక్కి ఉన్నాడు. దుమ్ముపట్టిన సాయంత్రాల్లో ఈ పట్టీలు ఆనవు. డెబ్బై ఏళ్లకు పైగా పొలాల్లో గడిపిన మా నాన్నగారు, "పొద్దు గూకినంక నేను ఎన్నడు ఎన్కకు తిరిగి సూడలే" అని, నీడ పైకి లేచి రాత్రిలో కలిసిపోయేదాకా అక్కడే నిలబడ్డారు.

ఆదివారం: శ్రీరంగాపురం, కొల్లాపూర్, సోమశిల

తిరిగి పెబ్బేరు దాకా వచ్చి తూర్పుకు మళ్లాము. వనపర్తి సంస్థానాధీశులు కట్టించిన శ్రీరంగాపురం రంగనాయకస్వామి ఆలయంలో కొంతసేపు ఆగాము. ఎత్తయిన గాలిగోపురం, పక్కనే చెరువు, నీటి మీదుగా వచ్చే గాలి. ఆ మండపంలో మధ్యాహ్నం నడుం వాల్చడానికి మించిన చోటు ఈ జిల్లాలో నాకు తెలియదు. ఫోనులో చూస్తే ఒంటిగంటకు 34 డిగ్రీలు చూపించింది.

ఆ చల్లదనానికి ఎవరు ఎంత మూల్యం చెల్లిస్తున్నారో కొల్లాపూర్ దారిలో కనిపించింది. యాసంగి వరి కోసి, అమ్మకానికి తెచ్చి, కొనుగోలు కేంద్రాల ముందు రోడ్డు వెంట పోసిన వడ్ల కుప్పలు శుక్రవారం వానకు తడిసిపోయాయి. ఆడవాళ్లు పరదాలు తొలగించి, కాళ్లతో వడ్లను నెరుపుతూ ఆరబెడుతున్నారు. అడుగున ఉన్న గింజలు కొన్ని అప్పటికే మొలక పగిలాయి. కారు ఆపి మా నాన్నగారు వారితో మాట్లాడుతుంటే ఒక రైతు అన్నాడు: "మీకు సల్లగున్నది గనీ పెద్దయ్యా, మాకు తేమ ఎక్కువైతే కాంటా వెయ్యరు. ఇయ్యాల రాత్రి మల్ల మొగులైతే ఏం జేయాలె?" మా నాన్నగారు బదులు చెప్పకుండా పరదా అంచు పట్టుకుని రెండోవైపుకు లాగడానికి సాయం చేశారు. మేమంతా అరగంట సేపు ఆ పని చేశాము. యాత్రలో మాకు దక్కిన ప్రతి మంచి గంటా ఈ కుప్పల మీద కురిసిన వాన నుంచే వచ్చింది. ఈ కథనంలో ఆ సంగతిని దాటవేయడం న్యాయం కాదు.

కొల్లాపూర్ మామిడికి పేరున్న ఊరు. తోటలు కాపు మీద ఉన్నాయి. ఇక్కడ బేనిషాన్ అని పిలిచే బంగినపల్లి కాయలు పచ్చగడ్డి పరచిన బుట్టల్లో అమ్మకానికి వచ్చాయి. గాలివానకు రాలిన కాయలను వేరే రాశిగా పోసి తక్కువ ధరకు ఇస్తున్నారు. మేము రెండూ కొన్నాము, పండ్లు తినడానికి, రాలిన కాయలు ముక్కల పచ్చడికి.

సోమశిలకు నాలుగున్నరకు చేరాము. శ్రీశైలం జలాశయం వెనుక జలాలు ఊరి ముందు దాకా వస్తాయి. ఆ జలాశయం కారణంగానే ఇక్కడి పాత సోమేశ్వరాలయాలను పై నేలకు తరలించి మళ్లీ నిలబెట్టారు. మే నెల కావడంతో నీరు బాగా దిగిపోయి, ఒడ్డున మునిగి తేలిన నేల నెర్రెలు విచ్చి ఉంది. ఇదే కాలంలో ఎగువన ఆంధ్రప్రదేశ్ ఒడ్డున, మిగతా నెలల్లో నీటి అడుగున ఉండే సంగమేశ్వరాలయం బయటపడి పూజలందుకుంటుంది. జాలరులు పుట్టిలో వలలు సర్దుకుంటున్నారు. ఒడ్డున చేపల వేపుడుతో జొన్నరొట్టె తిని, లైఫ్ జాకెట్లు కట్టుకుని పడవలో ఒక చుట్టు తిరిగి, ఆరింటికల్లా ఒడ్డున ఎత్తయిన చోట కూర్చున్నాము.

ఆ సాయంత్రం నేను జీవితంలో చూసిన సూర్యాస్తమయాలలో అన్నింటికన్నా గొప్పది. మధ్యాహ్నం ఎక్కడో దూరాన లేచిన ఉరుము మబ్బు తల చెదిరి, దాని ముక్కలు ఆకాశమంతా చిన్న చిన్న పలకలుగా, వాటికి చాలా ఎత్తున మరికొన్ని సన్నని పోగులుగా పరుచుకున్నాయి. పడమట దిగంతం దగ్గర మాత్రం బారెడు మేర ఖాళీగా ఉంది. ఆ ఖాళీయే అన్నిటికీ మూలం. అక్కడ కూడా మబ్బు ఉంటే వెలుతురు లోపలికి రాదు. మబ్బే లేకపోతే వెలుతురు పడటానికి పైన ఏమీ ఉండదు. సూర్యుడు ఆ ఖాళీలోకి దిగగానే మబ్బు పలకల అడుగులు ఒకేసారి పసుపుపచ్చగా వెలిగాయి. ఆయన కుడివైపు గట్టు వెనుకకు జారిపోయాక రెండు మూడు నిమిషాలు ఆకాశం వెలవెలబోయింది. అంతా అయిపోయిందనుకుని మా పక్కన ఉన్న రెండు కుటుంబాలు పిల్లలను కేకేసుకుని కార్లవైపు నడిచాయి. అసలు వర్ణాలు అప్పుడే మొదలయ్యాయి. ముందు పడమటి పలకలు నిమ్మపండు రంగు నుంచి నారింజకు, నారింజ నుంచి మోదుగపూల ఎరుపుకు మారాయి. ఆ ఎరుపు ఒక్కో వరుసనే అంటుకుంటూ మా నెత్తి మీదుగా తూర్పుకు పాకి నల్లమల కొండల దాకా పోయింది. కొండల పైన, పౌర్ణమి ముందు నాటి చంద్రుడి చుట్టూ ఉన్న మబ్బు పలకలు గులాబీ రంగుకు తిరిగిన వేళకు పడమటివి కుంకుమరంగు దాటి వంకాయరంగులోకి దిగుతున్నాయి. ఈ మార్పు మొత్తం నీళ్లలో తలకిందులుగా మళ్లీ కనిపిస్తుండటంతో ఎటు చూడాలో తెలియక మా అమ్మాయి గుండ్రంగా తిరగసాగింది. కింది మబ్బులు బూడిదరంగుకు వచ్చాక ఆరేడు కిలోమీటర్ల పైన ఉన్న సన్నపోగులు ఎర్రబడ్డాయి. ఎత్తున ఉన్నవాటికి సూర్యుడు మనకంటే ఆలస్యంగా అస్తమిస్తాడు కదా. బింబం మునిగిన పావుగంటకు కూడా ఆకాశంలో ఎరుపు మిగిలే ఉంది.

నడినెత్తిన మబ్బులు విడిన చోట కనిపించిన నీలం పగటి నీలం కాదు, మరింత గాఢమైనది. పగటి నీలం గాలి అణువులు చెదరగొట్టినది. సంధ్యవేళ నడినెత్తి నీలం మాత్రం ప్రధానంగా ఓజోన్ పొర చలువ. ఏటవాలుగా ఆ పొరను దాటుకుని చాలా దూరం వచ్చిన కాంతిలోంచి నారింజ, పసుపు భాగాలను ఓజోన్ మింగేసి నీలాన్ని మిగులుస్తుంది. అతినీలలోహిత కిరణాల నుంచి మనలను కాపాడే పొరగానే బడిలో చదువుకునే ఓజోన్ ఇలా కంటికి కనిపిస్తుందని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అమ్మాయికి అదే చెప్పాను.

ఫోటోలు తీశాము గాని, అవేవీ అంతంత మాత్రం కూడా రాలేదు. ఎరుపును ఫోను నారింజగా తేల్చేస్తుంది, నీలాన్ని నల్లగా ముంచేస్తుంది. రాత్రి పర్యాటక శాఖ కాటేజీలో బస చేశాము. కిటికీలు తెరిచి పడుకుంటే తెల్లవారుజామున దుప్పటి కప్పుకోవలసి వచ్చింది.

సోమవారం: ఉమామహేశ్వరం మీదుగా నాగార్జునసాగర్

పొద్దున్నే అచ్చంపేట వైపు బయలుదేరాము. శ్రీశైలానికి ఉత్తర ద్వారంగా భావించే ఉమామహేశ్వరంలో కొండ చరియ కింద, రాతి నుంచి ఊరే నీటి పక్కన స్వామి దర్శనం చేసుకున్నాము. తర్వాత డిండి జలాశయం, దేవరకొండ, మల్లేపల్లి దాటుకుంటూ సాగిపోయాము. పద్మనాయకుల దేవరకొండ కోటను ఎక్కడానికి ఒక పూట కావాలి. ఆ రోజు అంత వ్యవధి లేదు.

నాగార్జునసాగర్‌లో బుద్ధవనానికి జనం బాగా వచ్చారు. 274 ఎకరాల్లో తీర్చిదిద్ది 2022 మే నెలలో ప్రారంభించిన ఈ వనానికి బుద్ధ పూర్ణిమ కంటే తగిన రోజు లేదు. మహాస్తూపం లోపల కూర్చుని ధ్యానం చేస్తున్నవారు, బయట జాతక కథల శిల్పాలను పిల్లలకు చూపిస్తున్న తల్లిదండ్రులు, శ్రీలంకలోని అవుకన విగ్రహానికి నమూనాగా నిలిపిన బుద్ధుని ముందు పూలు ఉంచుతున్నవారు కనిపించారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఈ జలాశయం అడుగునే ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట నిండితే నీటిమట్టం 590 అడుగులకు చేరుతుంది. తవ్వి తీసిన శిల్పాలను నీటికి పైన మిగిలిన నాగార్జునకొండ మీది ప్రదర్శనశాలకు చేర్చారు. పౌర్ణమి నాడు ఆ నీటివైపు చూస్తూ నిలబడితే, కింద ఉన్న స్తూపాల పునాదులు, విహారాల ఇటుకలు గుర్తుకురాక మానవు.

సాయంత్రం ఎడమగట్టు మీద ఎత్తయిన చోటుకు చేరేటప్పటికి పడమట పెద్ద ఉరుము మబ్బు నిలబడి ఉంది. దానికీ మాకూ చాలా దూరం. అంచులు వెండిరంగులో వెలుగుతున్నా, సూర్యుడు దాని వెనుక చిక్కుకుపోయాడు. ఆ రోజు రంగులు ఉండవని నా భార్య నిరాశపడింది. ఆరున్నర కావస్తుండగా మబ్బు కొమ్ముల సందుల్లోంచి వెలుతురు కిరణాలు, వాటి మధ్య నీలి నీడలు విసనకర్రగా విచ్చుకున్నాయి. నిజానికి ఆ కిరణాలన్నీ ఒకదానికొకటి సమాంతరమే. నిడుపాటి రైలు పట్టాలు దూరాన కలిసిపోతున్నట్టు కనిపించినట్టే, ఇవి సూర్యుడి దగ్గర కలిసి మన వైపు విప్పారినట్టు కనిపిస్తాయి. ఆ లెక్కన అవి మన నెత్తి దాటి వెళ్లాక తూర్పున మళ్లీ ఒకచోట కలవాలి. తిరిగి చూస్తే, ఆనకట్టకు దిగువన, తూర్పుకు కాస్త దక్షిణంగా, గులాబీ ఆకాశంలో నీలి చారలు దిగంతం వైపు దగ్గరపడుతూ కనిపించాయి. వాటి పక్కనే నిండు చంద్రుడు ఉదయించాడు. పౌర్ణమి నాడు సూర్యుడు, చంద్రుడు భూమికి చెరోవైపు ఉంటారు కనుక ఒకరు దిగుతుంటే మరొకరు లేస్తారు. సూర్యుణ్ణి ఎర్రబరచిన మందపు గాలే ఆ చంద్రుణ్ణి కూడా రాగిరంగులో చూపించింది. "తాతా, అటు సూడు, ఇటు సూడు" అని అమ్మాయి మా నాన్నగారి భుజం పట్టి తిప్పుతూనే ఉంది.

చంద్రుడు పసుపు రంగుకు వచ్చేసరికి మబ్బు మా వైపు జరగడం మొదలైంది. మెరుపుకూ ఉరుముకూ మధ్య విరామం తగ్గుతోంది. వేసవి ఉరుముల వానల్లో గుట్టల మీద, చెట్ల కింద, నీటి ఒడ్డున నిలబడటం ప్రాణాపాయం. ఉరుము వినబడిందంటే లోపలికి వెళ్లాలి, చివరి ఉరుము విన్న తర్వాత అరగంట గడిచాకే బయటకు రావాలి. ఏటా ఈ నెలల్లో మన పల్లెల్లో పిడుగులకు రైతులు, పశువుల కాపరులు బలవుతున్నారు. అక్కడ ఇంకా సెల్ఫీలు తీసుకుంటున్న యువకులకు మా నాన్నగారే గట్టిగా చెప్పి కిందికి దింపారు. మల్లేపల్లి దాకా వాన మా వెంట వచ్చింది. కల్వకుర్తి, జడ్చర్లల మీదుగా ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి అయింది.

మంగళవారం: మహబూబ్‌నగర్

ద్రోణి బలహీనపడిందని ఉదయపు వార్తల్లో చెప్పారు. మధ్యాహ్నానికి ఎండ మళ్లీ 40 దాటింది, పొడిగాలి వీచింది. సాయంత్రం డాబా ఎక్కితే పడమటి ఆకాశం పాలిపోయిన పసుపులో ఉంది. సూర్యుడు దిగంతాన్ని తాకకముందే దుమ్ములో కలిసిపోయాడు. తూర్పున భూమి నీడ ఆనలేదు. కొల్లాపూర్ దారిలోని రైతుకు ఈ ఎండ అవసరం. వడ్లు రెండు రోజుల్లో ఆరి కాంటాకు వెళ్తాయని మా నాన్నగారు ఊరట చెందారు.

జూన్‌లో నైరుతి రుతుపవనాలు వచ్చాక పడమర చాలా రోజులు మూసుకుపోయి ఉంటుంది. అవి తిరుగుముఖం పట్టే అక్టోబరులో గాలి శుభ్రంగా, మబ్బులు చెదురుమదురుగా, చెరువులు నిండుగా ఉంటాయి. అప్పటికి సూర్యుడు కూడా నడిపడమటికి దక్షిణంగా జరుగుతాడు కాబట్టి సోమశిలలో అస్తమయాన్ని మరో దిక్కున వెతుక్కోవాలి. దసరా సెలవుల్లో కోయిల్‌సాగర్ కట్ట మీద ఒక సాయంత్రం, సోమశిలలో ఒక సాయంత్రం గడపాలని అమ్మాయి ఇప్పటికే క్యాలెండరులో గుర్తు పెట్టింది.